సోమశిల లాంచీ మీద చప్పట్లు

లాంచీ ఇంకా కదలకముందే అమరేందర్ పరువు సగం పోయింది.

చక్రాల కుర్చీలో వచ్చిన ఇస్రాయేలు అనే కుర్రాణ్ణి లాంచీ ఎక్కిద్దామని వెనకనుంచి గట్టిగా తోశాడు. కుర్చీ కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాడు. చొక్కా గుండీ తెగి నీళ్ళలో పడింది గానీ కుర్చీ కదల్లేదు.

"అన్నా, బ్రేకు ఏసున్నది" అన్నాడు ఇస్రాయేలు వెనక్కి తిరక్కుండానే. బ్రేకు తీసి, కొత్తగా వేసిన ర్యాంపు మీద తానే చక్రాలు తిప్పుకుంటూ పైకి పోయాడు.

సోమశిల నుంచి శ్రీశైలం దిక్కుగా కృష్ణలో తిరిగే ఆ లాంచీకి అమరేందర్ గైడు. ఇవాళ్టి ట్రిప్పు మామూలుది కాదు. రామన్నపేట నుంచి ఒక సంఘం వాళ్ళొచ్చారు. కొందరు చక్రాల కుర్చీల వాళ్ళు, ఎక్కువమంది చెవులు వినబడనివాళ్ళు. వాళ్ళ కోసమే ఓనరు పరశురాం ర్యాంపు వేయించాడు. బాత్రూం తలుపు వెడల్పు చేయించాడు. సైరన్ పక్కన మెరిసే ఎర్రలైటు పెట్టించాడు. ఇక బాగుచేయాల్సింది అమరేందర్ ఒక్కడినే.

"నువ్వు చెప్తాంటే జనం పండుకుంటున్నరు" అని ఓనరు నిన్ననే మొహం మీద అనేశాడు. "వచ్చే నెలసంది రికార్డు చేసిన గొంతు పెడదామనుకుంటున్న. రేపొక్కటే నీకు ఆఖరు మోకా."

అందులో అబద్ధమేమీ లేదు. అమరేందర్ మైకు పట్టుకోగానే పిల్లలు అన్నం ఎప్పుడని అడుగుతారు. పెద్దలు కళ్ళు మూస్తారు. ఒకసారైతే లాంచీ నడిపే డ్రైవరే కునికిపాట్లు పడ్డాడు. ఇంట్లో భార్య కూడా నిద్ర పట్టకపోతే, "జర కృష్ణ గురించి చెప్పయ్యా" అంటుంది.

వినబడేవాళ్ళనే మేలుకోనివ్వనివాడు, వినబడనివాళ్ళకు ఏం చెప్తాడు? అతనికున్నది ఒక్కటే ధైర్యం. సైగలతో చెప్పే మేడం ఒకామె వాళ్ళతోపాటు వస్తుందన్నారు.

లాంచీ కదిలింది. అందరూ సర్దుకుని కూర్చున్నాక ఒకామె లేచి ముందుకొచ్చి, వాళ్ళకు ఎదురుగా నిలబడింది. మెడలో వేలాడే కార్డు మీద గ్లోరీ అని రాసి ఉంది. అమరేందర్ గబగబా మైకు తీసుకుని ఆమె పక్కన చేరాడు.

"షురూ చేద్దామా అమ్మా?"

ఆమె నవ్వింది. చేతులు జోడించి, మళ్ళీ జనం వైపు తిరిగింది.

అమరేందర్ జోకుతో మొదలుపెట్టాడు. ఈత రాకుండానే తను లాంచీ మీద కొలువుకొచ్చిన ముచ్చట. గ్లోరీ చేతులు గాలిలో ఆడాయి. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అతను తడబడ్డాడు. జోకుకు ఏడవడమేమిటి? ఆలోచిస్తే నిజమేననిపించింది. ఈత రానివాడి బతుకు నీళ్ళ మీద గడవడంలో బాధ ఉంది మరి. ఇన్నేళ్ళూ తనకే తట్టలేదు.

తర్వాత మునిగిన ఊళ్ళ దగ్గరికొచ్చాడు. ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయిన ఊళ్ళలో వాళ్ళ అవ్వ ఊరు కూడా ఉంది. ఆ మాట దగ్గర ప్రతిసారీ అతను జనాన్ని మరిచి నీళ్ళవైపే చూస్తూ చెప్తాడు.

"గీ నీళ్ళ కిందనే మా అవ్వ ఇల్లున్నది. గా ఇంట్లనే నేను పుట్టిన..."

జనం పడీపడీ నవ్వారు. ఒకాయన పొట్ట పట్టుకుని పక్కాయన మీదికి ఒరిగిపోయాడు.

అమరేందర్‌కు మనసు చివుక్కుమంది. కానీ ఆ ముఖాల్లో వెక్కిరింపు లేదు. కడుపు నిండిన సంతోషం ఉంది. ఓహో, దుఃఖాన్ని కూడా నవ్విస్తూ చెప్పగల మనిషిని కాబోలు నేను, అనుకున్నాడు. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

ఇక అతన్ని ఆపేవాళ్ళు లేరు. నల్లమల గురించి చెప్పాడు. చేపల గురించి చెప్పాడు. గొంతెండి నీళ్ళ సీసా ఎత్తినా గ్లోరీ చేతులు ఆగలేదు. పాపం, నా మాటల బరువుకు వెనకబడ్డది, అని జాలిపడి, ఆమె అందుకునేదాకా ఇంకాసిని నీళ్ళు తాగాడు.

చివరికి అందరూ రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించారు. అది వాళ్ళ చప్పట్లని ఇస్రాయేలు చెప్పాడు. అమరేందర్ జీవితంలో మొదటి చప్పట్లు. కళ్ళ ముందు నది మసకబారింది.

పరశురాం డ్రైవరు పక్కనుంచి దిగొచ్చి భుజం తట్టాడు. "రికార్డు ముచ్చట ఇడిసిపెట్టు. నువ్వే ఉండు. గింతమందిని నవ్విచ్చే గైడును నేనేడికెల్లి తేవాలె?"

ఒడ్డు చేరాక అమరేందర్ గ్లోరీ కోసం పరుగెత్తాడు. "గ్లోరమ్మా! గ్లోరమ్మా!" ఆమె తిరిగైనా చూడకుండా ర్యాంపు దిగి బస్సు వైపు వెళ్ళిపోయింది. పెద్ద కళాకారులకు పొగడ్తలు గిట్టవు, అనుకున్నాడు.

వెనకాలే ఇస్రాయేలు దిగుతున్నాడు.

"తమ్మీ, ఆమెకు జర నా దండం చెప్పు. నా మాట ఒక్కటి జారకుంట మీవాళ్ళకు అందిచ్చింది."

ఇస్రాయేలు చక్రాలు ఆపి అతని ముఖంలోకి చూశాడు.

"నువ్వు గంత సంబురంగ చెప్తాంటే ఆపబుద్ధి గాలే అన్నా" అన్నాడు. "మా సైగల మేడం జరమొచ్చి రానేలేదు; గ్లోరీ ఊకెనే తన పెండ్లి ముచ్చట చెప్పుకుంట నిలవడ్డది, ఆమెకు సుత పుట్టినకాంచి చెవులు ఇనవడయి."