ఆదివారం పొంగట్టు

“తెరువకు అంటే ఇనవేంది? ఎవరు తెరువమన్నరు నిన్ను?”

సంపూర్ణ అరుపుకి కెజియా చేతిలోని గుడ్డ జారి కింద పడింది. ఓవెన్ తలుపు సగం తెరిచి ఉంది. అప్పటిదాకా బూరెలా పొంగుతున్న అట్టు గిన్నెలో చతికిలబడింది.

జస్టిన్‌ను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చాక కెజియాకు ఇదే మొదటి ఆదివారం. ఈ ఖానాపురం హవేలి ఊళ్ళో ఓవెన్ కొన్నవాళ్ళలో సగం మంది దాన్ని దుమ్ము తుడవడానికే వాడతారు. ఈ ఇంట్లో మాత్రం ఆదివారం చర్చికి వెళ్ళేముందు అందులో పొంగట్టు చేసేవారు. గుడ్లు, పాలు, మైదా గిలకొట్టి, వెన్న వేసి బాగా కాల్చిన గిన్నెలో పోస్తే, అంచులు గిన్నె దాటి పైకి లేస్తాయి. బయటికి తీసిన కాసేపటికే దిగిపోతాయి. అందుకే తినేవాళ్ళంతా ముందే వచ్చి కూర్చోవాలి.

జస్టిన్ మొదటి భార్య దీవెన డెంగీతో పోయాక ఆ అట్టు ఆగిపోయింది. ఆమె కూతురు ఆరాధనకు ఆరేళ్ళు. ఆదివారం పొద్దున ఏది పెట్టినా పళ్ళెం అవతలికి నెట్టేస్తుంది. “మమ్మీ అట్టే కావాలె” అంటుంది. సంపూర్ణ ఒకసారి చేసి పెడితే, “నువ్వు మమ్మీవి కాదుగా అవ్వా” అని లేచి వెళ్ళిపోయింది.

ఈ రెండో సంబంధం వెతికి తెచ్చింది సంపూర్ణే. జస్టిన్ వద్దన్నా వినలేదు. ఇవాళ ఆ పిల్ల కెజియా చేతి తిండి తింటే, మధ్యాహ్నం బస్సుకి నిశ్చింతగా తన ఊరు దుమ్ముగూడెం వెళ్ళిపోవచ్చు. తినకపోతే పిల్లకు అమ్మ దొరకనట్టే. ఆమెకున్న దిగులంతా అదే.

దిగులుంటే నోరు మెత్తబడాలి కదా! సంపూర్ణకు మాత్రం పదునెక్కింది.

“మళ్ళ కలుపు. గడ్డలు కట్టనీయకు. దీవెన కలిపితే మీగడ లెక్క ఉండేది.”

“సరే అమ్మా.”

“గిన్నె కాలకముందే పోస్తవేంది? దీవెన గింత తొందర పడకపోయేది.”

“సరే అమ్మా.”

పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చిన ముత్తక్క ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. కింది వాటాలో ఈమధ్యే కిరాయికి దిగిన మనిషి. తోడు చేతికి వచ్చినా కదల్లేదు. ఇంతటి వినోదాన్ని వదిలి వెళ్ళాలంటే ఎవరికైనా కష్టమే.

“చచ్చినోళ్ళ కండ్లు చారెడంట” అని గొణిగింది. “ఏరి కోరి తెచ్చుకునుడెందుకు, గిట్ల ఏడిపిచ్చుడెందుకు?”

సంపూర్ణకు వినపడింది. పట్టించుకోలేదు. హాల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న జస్టిన్‌కీ వినపడింది. రెండో పెళ్ళి విషయంలో తప్ప అతను ఎప్పుడూ సంపూర్ణకు ఎదురు చెప్పలేదు.

కెజియా మళ్ళీ పిండి పోసి ఓవెన్ మూసింది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు కనిపించింది, తలుపు చాటు నుంచి తొంగి చూస్తున్న ఆరాధన.

“ఆరూ, ఇట్ల రావా? ఎప్పుడు తియ్యాల్నో నాకు తెలుస్తలేదు. నువ్వు చెప్తవా?”

సంపూర్ణ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత వచ్చి ఓవెన్ ముందు గొంతుక్కూర్చుంది. కెజియా పక్కనే కూర్చుంది. ఇద్దరూ అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు.

“ఇప్పుడా?”

“ఊహూ. అంచు ఎర్రగ కావాలె. మమ్మీ గిట్లనే చూసేది.”

“ఇప్పుడు?”

“ఆగు!” పిల్ల కెజియా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “తెరిస్తే పడిపోతది.”

అట్టు లేచింది. గిన్నె అంచు దాటి, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా, పైకి ఉబికి వచ్చింది.

“ఇప్పుడు తియ్యి! డాడీ, జల్దీ రా!”

జస్టిన్ ఇస్త్రీ పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కెజియా చక్కెర చల్లి, ముక్క తుంచి, ఊది, పిల్ల నోటి దగ్గర పెట్టింది. సంపూర్ణ పిల్ల నోటివైపే చూస్తోంది.

ఆరాధన నోరు తెరిచింది. మెల్లగా నమిలింది. మింగింది.

“ఇంకొంచెం” అంది.

జస్టిన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సంపూర్ణ గబగబా వెనక వరండాలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు మాటున వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల తిన్నదని సంతోషమే. ఇక ఈ ఇంట్లో దీవెన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరన్న బాధ మాత్రం గుండెను పిండేసింది.

మధ్యాహ్నం సంచీ పట్టుకుని మెట్లు దిగుతుంటే ముత్తక్క ఎదురైంది. బస్టాండుకి తీసుకెళ్ళడానికి జస్టిన్ బండి బయటికి తీస్తున్నాడు.

“ఏమనుకోకు గని వదినా, ఒక మాట అంట. అమ్మా అమ్మా అంటున్న పిల్లను గట్ల తిట్టుడేంది? అదే నీ కన్నబిడ్డయితే గిట్లనే తిడుదువా?”

సంపూర్ణ ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“నా కన్నబిడ్డక్కూడ ఆ అట్టు గిట్లనే తిట్టి తిట్టి నేర్పిన ముత్తక్కా, దీవెనకు.”