ఇద్దరి తోట

“ఈ టమాటాలు ఎవరు నాటారు?” అంటూ ఆమె గేమ్ కన్సోల్‌ను తెచ్చి భర్త ముఖం ముందు పెట్టింది.

అప్పుడే క్యాంపు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్న సర్వేయరు తెర వంక చూసి, తానే నాటానన్నాడు. ఆమె నమ్మలేదు. ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి తువ్వాలు ఆరేసినా అంచుకు అంచు కలిపే ఆరేసేవాడు. పొలాల హద్దులు కొలిచి కొలిచి ఆయనకు వంకర అంటేనే గిట్టదు. అలాంటివాడి తోటలో టమాటా మొక్కలు తలో దిక్కూ చూస్తున్నాయి. పశువుల కొట్టానికి ఉన్న రంగులన్నీ పూసేశారు. దూడ మెడలో గులాబి రంగు రిబ్బను ఒకటి.

ఆ తోట వాళ్లిద్దరిదీ. అరచేతుల్లో పట్టుకుని ఆడుకునే ఆ కన్సోల్‌ను, తోట పెంచే ఆట కార్డును పెళ్లిరోజుకు ఆయనే కొన్నాడు. మొదటి విత్తనం ఇద్దరూ కలిసి నాటారు. ఒకరు లేకుండా ఇంకొకరు ఆడకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆట ఎంతదాకా వచ్చిందో అదంతా కార్డులోనే ఉంటుంది కాబట్టి, నెలకు పది రోజులు క్యాంపుకు వెళ్లేటప్పుడు ఆయన కన్సోల్‌ను ఇంట్లో వదిలి కార్డును మాత్రం చొక్కా జేబులో వేసుకునేవాడు. నిన్ను వెంట తీసుకెళ్తున్నట్టు ఉంటుంది అనేవాడు. వెర్రిబాగులది, ఆ మాటకు మురిసిపోయేది. ఇవాళ ఉతకడానికి చొక్కా తీస్తూ జేబులోని కార్డు కన్సోల్‌లో పెట్టి చూసుకునేసరికి ఇదీ సంగతి.

“నిజం చెప్పండి.”

“క్యాంపులో మా జీపు డ్రైవరు దగ్గర కూడా ఇలాంటి కన్సోలే ఉంది. ఒకసారి ఇవ్వమని అడిగితే కాదనలేకపోయాను.”

“ఆ మీసాల పెద్దాయన దూడకు రిబ్బను కట్టాడా?”

“మీసాలున్నంత మాత్రాన ముచ్చట్లు ఉండవా ఏమిటి?”

మామూలప్పుడైతే ఆమె పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. పోయింది ఒట్టి ఆటే అని తనకు తాను ఎంత చెప్పుకున్నా మనసు వినలేదు. పక్కన కూర్చుని ఒక్కో కోడిపిల్లకు పేరు పెట్టిన మనిషి, వాటిని తీసుకెళ్లి ఎవరి చేతుల్లోనో పెట్టాడు. మోసపోయానన్న మాట నోటిదాకా వచ్చింది కానీ, ఇంత చిన్నదానికి అంత పెద్ద మాట అనడానికి సిగ్గేసి మింగేసుకుంది.

“మనిద్దరిదీ అనుకున్నదాంట్లోకి మూడో మనిషిని ఎలా రానిచ్చారు?” అని మాత్రం అడిగింది.

ఆయన రెండు రోజులపాటు అడక్కుండానే గిన్నెలు తోమాడు, తోమిన గిన్నెల్ని ఎత్తు ప్రకారం వరసగా పేర్చాడు కూడా. మూడో రోజు ఆమె తీర్పు చెప్పింది. ఇక కార్డుల గొడవ వద్దు, ఆటను డౌన్‌లోడ్ చేసుకుందాం, అప్పుడది కన్సోల్‌లోనే ఉంటుంది, జేబులో వేసుకుని ఎక్కడికీ పోవడానికి ఉండదు.

సర్వేయరు హద్దు తగాదాలో వాదించినట్టు వాదించాడు. కార్డయితే విసుగొచ్చినప్పుడు ఎవరికైనా అమ్ముకోవచ్చన్నాడు. డౌన్‌లోడ్ చేస్తే కన్సోల్‌లో చోటంతా నిండిపోతుందన్నాడు. రేపు ఆ కంపెనీవాడు దుకాణం ఎత్తేస్తే ఎవర్ని అడుగుతావన్నాడు. ఎప్పుడూ ఆమె మాటకు ఎదురు చెప్పని మనిషి చెమటలు పట్టేదాకా చెప్పాడు.

“కార్డు చేతిలో ఉన్న వస్తువు. చేతిలో ఉన్నదే మనది.”

“మీ చేతిలో ఉండబట్టే కదా పరాయి చేతికి పోయింది?”

దాంతో ఆయన ఆలోచిద్దాంలే అని ఊరుకున్నాడు. కానీ తర్వాతి క్యాంపుకు బయల్దేరిన రోజు, ఆమె అడక్కుండానే కార్డు తీసి భోజనాల బల్ల మీద పెట్టి వెళ్లాడు. దాన్ని చూసేసరికి ఆమె మనసు సగం కరిగింది.

ఆమెది కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. మధ్యాహ్నం విరామంలో పక్క వీధిలోని గేమ్‌ల షాపుకు వెళ్లి, కార్డు మంచిదా డౌన్‌లోడ్ మంచిదా అని అడిగింది. పదిమందికి ఇచ్చి పుచ్చుకునేవాళ్లకు కార్డే నయమన్నాడు షాపతను. డౌన్‌లోడ్ చేస్తే ఆట మనిషి ఖాతాకు అతుక్కుపోతుందట, ఖాతా ఎక్కడుంటే ఆట అక్కడుంటుందట.

“మా ఆయన ఖాతా మా ఇంట్లోనే ఉంటుంది లెండి” అని నవ్వి, ఆట కొనడానికి నంబరున్న కూపన్ తీసుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కన్సోల్ ముందేసుకుని కూర్చుంది. పాత తోటను కదిలించే పనే లేదు. డ్రైవరు నాటిన మొక్కల్ని చూసి రోజూ కుళ్లుకోవడం ఎందుకు? మొదటి విత్తనం నుంచి కొత్త తోట మొదలుపెట్టాలి. ఆయన వచ్చీ రాగానే చేతిలో పెట్టి, జరిగింది మర్చిపోయానని చెప్పాలి. ఎనిమిదేళ్లలో ఒక్క తప్పు చేసిన మనిషిని ఇంత సాధించడం తనదే తప్పనిపించింది.

కూపన్ గీకి నంబరు కొట్టింది. కొనుగోలు పూర్తయిందని తెర మీద అక్షరాలు వచ్చాయి. డౌన్‌లోడ్ నొక్కింది. ఈ ఖాతాలో రెండు కన్సోళ్లు ఉన్నాయి, దేనిలోకి డౌన్‌లోడ్ చేయాలి అని అడిగింది కన్సోల్.

ఏదో పొరపాటనుకుంది. వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కింది. మళ్లీ రెండే చూపించింది. మొదటిది తన చేతిలో ఉన్నదే, దానికి “మనిద్దరం” అని పేరు పెట్టుకున్నాడు ఆయన.

రెండోదాని పేరు “మన ముగ్గురం”.