వేరే సెట్

మార్చి ఇరవై, గురువారం. ఎండ మండిపోయింది. పొద్దున్నే కుట్టుమిషనుకు నూనె వేశాను.

మధ్యాహ్నం లెక్కల పరీక్ష రాసి వచ్చి, మా అమ్మాయీ పక్కింటి పిల్లా కొట్టు గుమ్మంలో కూర్చుని జవాబులు చూసుకున్నారు.

"ఒకటి?"

"బి."

"నాది డి! రెండు?"

"సి."

"నాది ఎ!" ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పక్కింటి పిల్ల క్లాసులో ఫస్టు. ప్రశ్నపత్రాలు రెండూ లాక్కుని, వాళ్లు టిక్కు పెట్టిన అక్షరాలు నేనే పోల్చి చూశాను. నలభైలో మూడే కలిశాయి.

"అన్నీ తప్పులు రాసొచ్చి ఇకిలిస్తున్నావా?"

"అయ్యో, నీకు తెలీదు నాన్నా. అవి సెట్లు..."

సెట్టంటే నాకు పాంటూ షర్టే. బడికి వెళ్లినవాణ్ని కాదు, అక్షరాలు కొట్లోనే నేర్చుకున్నాను. 'నీకు తెలీదు' అన్న మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. గుడ్డ కొలిచే బద్ద తీసుకుని, అమ్మాయి అడ్డం పెట్టిన చేతి మీదే కొట్టాను. బద్ద విరిగేదాకా కొట్టాను. మణికట్టు కూడా విరిగింది.

"ఆపు మావయ్యా! ప్రశ్నలు అవే, వరుస వేరు! కాపీ కొట్టకుండా అలా ఇస్తారు!" అని పక్కింటి పిల్ల అరిచింది.

ఆసుపత్రిలో కట్టు వేయించి తెచ్చాక, పత్రాలు రెండూ కూడబలుక్కుని చదివాను. ఆ పిల్ల మొదటి ప్రశ్న మా అమ్మాయికి పదకొండోది. జవాబు ఒకటే. నలభైకి నలభై కలిశాయి.

విరిగింది కుడిచెయ్యి. రేపు సైన్సు పరీక్ష. గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమచేత్తో జవాబు పత్రంలోలాంటి సున్నాలు గీసి నింపుతోంది. అన్నీ గీత దాటుతున్నాయి.

సాయంత్రం మిషను మీద దాని కట్టు చెయ్యి మెడకు వేలాడదీసే పట్టీ కుట్టాను.