బొమ్మ కింద మాట

బోయిన్‌పల్లి59 అనే పేరుతో రాసేవాడు మళ్లీ తగులుకున్నాడు.

“ఏడో పేజీలో బొమ్మ కింద రాత తీసేశారు. దయచేసి మళ్లీ పెట్టండి.”

ఈ వారంలో ఇది పదకొండో ఉత్తరం. శ్రీలలితకు ఒళ్లు మండిపోయింది.

‘జల్లెడ’ అని ఒక ప్రోగ్రామింగ్ టూల్ ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగుచేయొచ్చు. దాన్ని ఎలా వాడాలో తెలుగులో చెప్పే పేజీలన్నీ నేరేడ్‌మెట్‌లోని తన గదిలో కూర్చుని శ్రీలలితే చూసుకుంటుంది. జీతం లేదు, బత్తెం లేదు, తిట్లు మాత్రం బోలెడు.

“మీ పేజీలు చదివితే వచ్చింది కూడా మర్చిపోతున్నాం” అని ఒకడు రాశాడు.

“శనివారం కొత్త వెర్షన్. ఈసారి కూడా జనం ఇన్‌స్టాల్ దగ్గరే ఇరుక్కుంటే ఆ పేజీలు ఇంకొకరికి ఇచ్చేద్దాం” అని ఆశీష్ గ్రూపులో అందరి ముందూ అనేశాడు. టూల్ మొదలుపెట్టినవాడు కాబట్టి అతని మాటే మాట.

మూడేళ్ల చాకిరీ! ఇంకొకరికి ఇచ్చేస్తాడట!

అందుకే చీపురు పట్టింది. పాత పేజీలు తీసేసింది. ఒకే ముక్క రెండుసార్లు చెప్పిన చోట్లన్నీ ఊడ్చేసింది. ప్రతి స్క్రీన్‌షాట్ కిందా ఆ బొమ్మలో ఏముందో మళ్లీ మాటల్లో రాసి ఉంది. చూస్తే తెలిసేదానికి చెప్పడం దేనికి? నూట నలభై చోట్ల పీకి పారేసింది.

పేజీలు కడిగిన ముత్యంలా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈయనగారికే నచ్చలేదు.

“కళ్లు తెరిచి చూడండి సార్, అంతా బొమ్మలోనే ఉంది” అని జవాబు కొట్టి, ఆ పేరును బ్లాక్ చేసేసింది.

పీడా విరగడైందనుకుంది.

శనివారం కార్ఖానా ఏరియాలో ఒక లైబ్రరీ హాల్లో జల్లెడ వాడేవాళ్ల మీటింగ్ పెట్టారు. అందరూ వచ్చేది పదకొండింటికి. శ్రీలలిత తొమ్మిదింటికే వెళ్లి, లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేజీలో ఉన్నట్టే ఒక్కో స్టెప్పూ చేసుకుంటూ పోయింది.

నాలుగో స్టెప్ దగ్గర ఆగిపోయింది.

మళ్లీ చేసింది. మళ్లీ అక్కడే. తన లాప్‌టాప్‌లో బంగారంలా నడిచేది ఇక్కడ చచ్చినా కదలదే!

“పక్క కుర్సీల ఎవరన్నా ఉన్నరా అమ్మా?” ఎవరో పెద్దాయన గొంతు.

“లేరంకుల్, కూర్చోండి” అంది తెర మీంచి తల తిప్పకుండానే.

కాసేపటికి ఆయనే, “కీబోర్డును గట్ల దంచుతున్నవేంది బిడ్డా? మస్తు పరేషాన్‌ల ఉన్నట్టున్నవ్” అన్నాడు.

అంతే, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఆశీష్ మాట, మూడేళ్ల చాకిరీ, అన్నీ.

“వీళ్లందరూ ఒక ఎత్తు అంకుల్, బోయిన్‌పల్లి నుంచి ఒకాయన ఒక ఎత్తు. చెవిలో జోరీగ! బొమ్మ కింద రాత పెట్టు, రాత పెట్టు అని ప్రాణం తోడేశాడు. పనీపాటా లేదు కాబోలు.”

“గట్లనా!”

“బ్లాక్ చేసి పారేశాను.”

“మంచిగ చేసినవ్” అని ఆయన నవ్వాడు. “ఇప్పుడేడ ఆగింది? జెర పైకి చదువు. మా ఇంట్ల కంప్యూటరే చదివి పెడ్తది, నాకు ఇనుడే అలవాటు.”

ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చదివింది. మూడో స్టెప్ అయిపోయి నాలుగోది మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తాడు.

“ఆగాగు. మూడోదాంట్ల ఫోల్డర్ చేసినవ్. దాని లోపలికి ఎప్పుడు పోయినవ్?”

“అది బొమ్మలో ఉంది కదా అంకుల్...”

బొమ్మను పెద్దది చేసి చూసింది. బొమ్మలో ఒక మూల చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ‘ముందు ఈ ఫోల్డర్ లోపలికి వెళ్లండి’ అని బొమ్మ కింద ఉండిన మాటను ఊడ్చేసింది తనే; తన లాప్‌టాప్‌లోనైతే అలవాటు కొద్దీ లోపలికి వెళ్లిపోయేది.

గబగబా ఆ మాట తిరిగి రాసింది. చేసి చూసింది. నాలుగో స్టెప్ దాటింది, ఐదోదీ దాటింది.

“అమ్మయ్య! పరువు నిలబెట్టారంకుల్! మీరూ జల్లెడ వాడతారా?” అంది కళ్లు ఇంకా తెర మీదే పెట్టి.

“వాడుతుంటిమి. నేను, మా బడి పిల్లలు ముప్పై మంది. మొన్నటి నుంచి బంద్ చేసినం. వేరేది షురూ చేసినం.”

“అయ్యో, ఎందుకు?”

“మీ పేజీలల్ల తొవ్వ దొర్కుతలేదు బిడ్డా. గా ముచ్చట చెప్పి పోదామనే వచ్చిన. నువ్వే అర్థం చేసుకున్నవ్, ఇంక నేను చెప్పేదేముంది?”

బయట ఆటో హారన్ మోగింది. ఆయన లేచాడు.

“మీటింగ్ దాకా ఉండండంకుల్. మీ పేరు కూడా చెప్పలేదు.”

“నీకు ఎర్కైనోణ్ణేలే.”

అప్పుడు తిరిగి చూసింది శ్రీలలిత.

పెద్దాయన సంచిలోంచి మడత కర్ర తీసి విదిలించి, ఆ తెల్ల కర్రతో నేల తట్టుకుంటూ గుమ్మం దాటి, “బోయిన్‌పల్లి పోదాం పా” అన్నాడు ఆటో అతనితో.