చంద్రుడి మీద ఇంటిపేరు

కమిటీ కార్యదర్శి సోఫాలో కూర్చుని ఫైలు తెరిచాడు. ఎదురుగా కుర్చీలో గడ్డపాయన. తలుపు పక్కన, చేతులు కట్టుకుని, ఇంటావిడ.

"ఈయన మా బావగారు," అంది ఆవిడ. "మావారు పోయినప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నారు. పెద్దగా మాట్లాడరు."

కార్యదర్శి నమస్కారం పెట్టాడు. ఛాతీ దాకా గడ్డం, నున్నటి గుండు, ఎముకలు తేలిన ఒళ్ళు. చూపు అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. గోడ మీది ఫోటోకి వెళ్ళింది. ఫోటోలో బొద్దుగా, ఒత్తయిన జుట్టుతో, ఇంజనీరు లావుపాటి కళ్ళద్దాల్లోంచి చూస్తున్నాడు.

"మీ తమ్ముడూ నేనూ పద్ధెనిమిదేళ్ళు పక్కపక్క టేబుళ్ళ దగ్గర పనిచేశాం అన్నగారూ. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది."

గడ్డపాయన తలూపాడు.

చంద్రుడి మీద ఒక కొండ ఉంది. మూడో నౌక దిగిన చోటికి పక్కనే. దానికి కమిటీ పేరు పెట్టాలి. ఆ పేరు ఇంజనీరుదే కావాలన్నది ఈ ఇంట్లో మూడేళ్ళుగా నడుస్తున్న తపస్సు. ఫైల్లో సగం ఆవిడ రాసిన ఉత్తరాలే.

వెనకటి కథంతా గడ్డపాయనకి కంఠతా వచ్చు.

మొదటి నౌకకి చంద్రుణ్ణి కన్న తల్లి పేరు పెట్టారు, అనసూయ అని. అది చంద్రుడి చుట్టూ బుద్ధిగా తిరిగింది. రెండోదానికి దక్ష అన్నారు. దక్షుడంటే సమర్థుడని పైవాళ్ళ మురిపెం. "కూతుళ్ళని సరిగా చూసుకోలేదని చంద్రుడికి క్షయరోగం అంటగట్టిన మామగారండీ ఆయన. అల్లుడు గడప తొక్కనిస్తాడా?" అన్నాడు ఇంజనీరు మీటింగులో. అందరూ పడీ పడీ నవ్వారు.

దక్ష సగం దారిలో మూగబోయింది. నవ్విన నోళ్ళు మూతపడ్డాయి. అందరూ కలిసి తప్పంతా ఇంజిన్‌దేనని రిపోర్టు తయారుచేశారు. ఆ ఇంజిన్ చేసిన ఇంజనీరుని స్టోర్ రూముకి బదిలీ చేశారు.

మూడోది తార. గురువుగారి ఇల్లు వదిలి చంద్రుడి వెంట వెళ్ళిపోయిన తార. "ఇష్టపడి వెళ్తోంది, ఇది చేరుతుంది," అన్నాడు ఇంజనీరు, ఈసారి స్టోర్ రూములో, స్టూలుతో. చేరింది. అదే ఇంజిన్, ఒక్క మర కూడా మార్చలేదు. ఆ రోజు వేదిక మీద పదకొండు మంది చప్పట్లు కొట్టించుకున్నారు. ఇంజనీరుకి లోపలికి పాస్ కూడా ఇవ్వలేదు. ఇంట్లో టీవీలో చూశాడు.

నెల తిరక్కుండానే ఇంజనీరు ఎక్కిన పడవ సముద్రంలో బోల్తా పడిందని, మనిషి దొరకలేదని పేపర్లో వచ్చింది.

"పోటీలో ఇంకెవరున్నారు?" అడిగింది ఆవిడ.

"పాత డైరెక్టరు గారు. కానీ ఆయన పోయి పదకొండు నెలలే అయింది. బతికున్నవాళ్ళ పేరు ఎలాగూ పెట్టరు. పోయినా మూడేళ్ళు నిండాలి. మీవారికి మొన్నటితో నిండాయి." కార్యదర్శి చిన్నగా నవ్వాడు. "ఆఫీసులో రాని సీనియారిటీ ఇందులో కలిసొచ్చిందమ్మా."

ఆవిడ నవ్వలేదు. "దక్ష రిపోర్టు రాసింది మీరేనట కదా."

కార్యదర్శి నవ్వు ఆగిపోయింది. "రాయమన్నారు, రాశాను. పిల్లలున్నవాణ్ణి. ఆ మచ్చ కడుక్కుందామనే ఈ ఫైలు నేనే అడిగి తీసుకున్నాను."

గడ్డపాయన గొంతు సవరించుకున్నాడు. మాట బొంగురుగా వచ్చింది.

"ఆఫీసులో ఎలా ఉండేవాడు?"

ఆవిడ చురుక్కున చూసింది.

"నిజం చెప్పమంటారా అన్నగారూ? పని చేతిలో పెడితే బంగారం. నోరు విప్పితే నిప్పులు. ఆయనే బతికుంటే ఈ కాగితం మీద ఒక్కడూ సంతకం పెట్టేవాడు కాదు. నేనూ పెట్టేవాణ్ణి కాదు. పోయాడు కాబట్టి మహానుభావుడయ్యాడు."

గడ్డపాయన దవడ బిగుసుకుంది. అంత గడ్డంలో అది ఎవరికీ కనపడలేదు.

కార్యదర్శి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన చనిపోయినట్టు ఇంట్లోవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి. ఇందులో తప్పు ఉందని ఎప్పుడు తేలినా కొండ మీద పేరు చెరిపేస్తారు, రాసినవాళ్ళ మీద కేసు పెడతారు. ఇలా చదివి వినిపించాలని రూలు. ఏమీ అనుకోకండి."

ఆవిడ పెట్టింది. గడ్డపాయన పెన్ను అందుకున్నాడు. ఫోటో వైపు ఒకసారి చూసి సంతకం పెట్టేశాడు.

"అంతే. అయిపోయింది," అంటూ కార్యదర్శి ఫైల్లోంచి కొత్త పటం తీసి పరిచాడు. బూడిదరంగు గుంటల మధ్య కొండ. కొండ పక్కన సన్నటి అక్షరాలు.

గడ్డపాయన వంగి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇంటిపేరు ఒక్కటే ఉందేం? పేరేదీ?"

"ఇంటిపేరే వేస్తారన్నగారూ. ఎవరికైనా అంతే."

"ఈ ఇంటిపేరు వాళ్ళు ఈ వీధిలోనే నలుగురున్నారు."

"మంచిదేగా. నలుగురూ ఆ కొండ మాదేనని చెప్పుకుంటారు." కార్యదర్శి పటం చుట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి ఆయన భుజం తట్టాడు. "మీరూ చెప్పుకోవచ్చు. మీదీ అదే ఇంటిపేరు కదా."

కారు వీధి మలుపు తిరిగింది. గడ్డపాయన కుర్చీలోంచి కదల్లేదు. పటం పరిచిన చోటే చూస్తూ ఉండిపోయాడు. ఖాళీ బల్ల.

ఆవిడ తలుపు గడియ పెట్టి వచ్చి, ఆయన కళ్ళు తుడుస్తూ మెల్లగా అంది: "ఊరుకోండి, ఇప్పుడు మీరు బతికే ఉన్నారని తెలిస్తే ఆ ఇంటిపేరు కూడా మిగలదు."