చివరి కక్ష్య

"మా పిల్ల మీద మీకేం కక్ష, టీచర్?"

"కక్ష కాదమ్మా, కక్ష్య," అంది సైన్సు టీచరు, చేతికంటిన సున్నం దులుపుకుంటూ.

టైలరమ్మకు అక్షరాల తేడాలతో పనిలేదు. సగం కుట్టిన చొక్కాను మిషను మీదే వదిలేసి, మెడలో టేపు కూడా తియ్యకుండా రుసరుసలాడుతూ స్కూలుకు వచ్చేసింది. సైన్సు ప్రదర్శన కోసం మైదానంలో రోజూ రిహార్సల్స్ జరుగుతున్నాయి. పిల్లలంతా గుంపుగా ఉంటే, తన కూతురొక్కతే అందరికంటే బయట, రోడ్డు వైపు కంచె పక్కన నిలబడుతోందట. పక్కింటావిడ చూసి, జాలిపడి మరీ చెప్పింది. పక్కింటావిడ జాలిపడిందంటే అందులో పావు వంతు జాలి, ముప్పావు వంతు సంబరం.

టీచరు ఓపిగ్గా చెప్పుకొచ్చింది. నేల మీద సున్నంతో గీసినవి సోడియం పరమాణువులోని కక్ష్యలు. మధ్యలో నిలబడ్డ క్లాసు లీడరు కేంద్రకం. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఎలక్ట్రాన్లు. మొదటి గీత మీద ఇద్దరు, రెండో గీత మీద ఎనిమిది మంది. ఇంక మిగిలేది ఒక్కరే, అందుకే మూడో గీత మీద ఒక్కరే.

"అంటే మా పిల్ల ఆటలో అరటిపండా?"

కానే కాదంది టీచరు. లోపలివాళ్ళను కేంద్రకం గట్టిగా పట్టుకుని ఉంటుంది, కదలనివ్వదు. చివరి ఎలక్ట్రాను మీద ఆ పట్టు తక్కువ. పక్కనే ఇంకో సెక్షను పిల్లలు క్లోరిను వేషం కట్టారు, వాళ్ళకు బయటి గీత మీద ఒకరు తక్కువ. ఈ అమ్మాయి అక్కడికి వెళ్తేనే రెండింటికీ బంధం కుదిరి ఉప్పు తయారవుతుంది. చెప్పాలంటే నాటకంలో హీరోయిన్ ఆ అమ్మాయే.

ఈ మాటకు టైలరమ్మ చల్లబడాల్సింది పోయి మరింత మండిపడింది. బయట నిలబెట్టింది చాలక పక్కవాళ్ళకు ఇచ్చేస్తారా? పొద్దస్తమానం మిషను తొక్కి, మోకాళ్ళు అరగదీసుకుని పెంచుతున్నది ఎవరికో ఇచ్చెయ్యడానికా? టీచరు పాఠంలో ధనావేశం, రుణావేశం అని రెండే ఉన్నాయి. టైలరమ్మది మూడో రకం.

"తండ్రి వదిలేసి పోయిన పిల్లంటే అందరికీ చిన్నచూపే," అంది. "ఇంట్లో నేను తప్ప దానికెవరూ లేరు. ఇక్కడ కూడా ఒంటరిగా నిలబెడితే అదేమైపోవాలి?"

పిల్లల్ని బయట నిలబెట్టి, దానికో అందమైన పేరు పెట్టడం బళ్ళకు కొత్త కాదు. కడుపు రగిలిన తల్లికి పరమాణువు గురించి చెప్పడం దండగ. ఆ చోటు కావాలని మీ అమ్మాయే చెయ్యెత్తి అడిగిందని టీచరు నసిగింది. పిల్లకేం తెలుసని టైలరమ్మ ఆ మాటను కొట్టిపారేసింది.

చివరికి టీచరే దిగొచ్చింది. ఆ అమ్మాయిని పిలిచి, మొదటి గీత మీద, సరిగ్గా కేంద్రకం పక్కన నిలబెట్టింది. బయటి గీత మీదికి ఇంకో పిల్లను పంపింది. టైలరమ్మకు కడుపు నిండినట్టయింది. గెలిచిన మనిషిలా మెడలో టేపు సర్దుకుంది.

లోపలికొచ్చిన పిల్ల మాత్రం తల వంచుకుని నిలబడిపోయింది. చూస్తుండగానే బొటబొటా కన్నీళ్ళు రాలాయి. టైలరమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఎవరేమన్నారో చెప్పమంది. ఎవరూ ఏమీ అనలేదని పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నీకోసం అందరితో పోట్లాడి లోపలికి తెప్పిస్తే, ఏడుస్తావేమే?"

కూతురు తల్లికి మాత్రమే వినిపించేలా అంది.

"లోపలుంటే, కంచె దగ్గరికొచ్చే నాన్న కనపడడమ్మా."