ఏడో లైను

సర్వర్ల గది నేలమాళిగలో ఉంది. అక్కడ ఫోన్లు పనిచేయవు. అందుకే కింద ఉన్నవాళ్లకు ఏదైనా అవసరమైతే ఏడో లైను తీగను మూడుసార్లు పీకి మళ్లీ పెట్టేవారు. తీగ పీకినప్పుడల్లా పైగదిలో తెర మీద ఆ లైను గడి ఎర్రబడి, పెట్టగానే పచ్చబడేది; లైన్లను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాము మూడుసార్లు మోగేది.

పోయిన ఏడాది ఒక రాత్రి మెకానిక్కు కిందే గుండెనొప్పితో కూలబడ్డాడు. తెల్లవారేసరికి ప్రాణం లేదు. చేతిలో ఆ తీగ ఉంది. "రాత్రంతా మెలకువగానే ఉన్నాను, ఏమీ మోగలేదు," అన్నాడు పైగదిలో ఉండే ఆపరేటరు. కునుకు తీయడానికి ఆ లైను మోత తానే ఆపేసిన సంగతి మింగేశాడు.

మెకానిక్కు కూతురికి పైగదిలోనే ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు ఆ ఆపరేటరు పక్కనే కూర్చుంటుంది.

"బాబాయ్, ఏడో లైను ఎర్రబడింది."

"ఆ తీగ ఎప్పుడో తీసేశారమ్మా. కింద గదికి తాళం కూడా వేశారు. నిద్రమొహమా, వెళ్లి కళ్లు కడుక్కునిరా."

"నిద్ర మీ సొత్తు, నాది కాదు," అని నవ్వింది.

ఏడాదిగా ఆరిపోయి ఉన్న గడి తెర మీద ఎర్రగా వెలుగుతోంది. అంతలో పచ్చబడింది. మళ్లీ ఎరుపు, మళ్లీ పచ్చ. మూడోసారీ అంతే. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏ మోతా లేదు. అతను ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

"మూడుసార్లు," అంది ఆమె మెల్లగా. "నాన్న పిలిచినట్టే. మరి మోగలేదేం బాబాయ్?"

అతను నోరు విప్పేలోపే ఆమె ఆ గడి మీద నొక్కింది. మోత ఆపినవారి పేరు, తేదీ, సమయం తెర మీదికి వచ్చాయి. ఆమె వంగి చదవసాగింది.

ఏడో లైను మళ్లీ ఎర్రబడింది.